ఊపిరి బెజ్జం

మేస్త్రి పోయాడన్న సంగతి నాకు వరంగల్ స్టేషన్ ముందు చాయ్ బండి దగ్గర తెలిసింది. చెప్పినవాడు ఒక లారీ డ్రైవర్. "అండర్ బ్రిడ్జి కాడి మేస్త్రి పొద్దుగాల పోయిండట గద, ఎరుకేనా?" అని, నేను నోరు తెరిచేలోపే గ్లాసు బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు. కామెర్లు ముదిరి మేస్త్రి దవాఖానలో ఉన్నాడని నాకు ముందే తెలుసు. రెండుసార్లు వెళ్లి చూసి వచ్చాను. మూడోసారి రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూ ఉండిపోయాను. ఈ మధ్య ఓపిక లేక వాయిదా వేసే పనులు ఎక్కువయ్యాయి. వాటిలో ఇదొకటి కలిసిపోయింది.

శవం వెంట నడిచి వచ్చి, స్నానం చేసి కూర్చుని ఇది రాస్తున్నాను. మోకాళ్లు లాగుతున్నాయి. ఆయన పేపర్లో ఫోటో పడే మనిషి కాదు. మోటారు బండ్లు బాగుచేసే మేస్త్రి, అంతే. నేనూ రచయితను కాను, వ్యాను డ్రైవర్ని. డ్రైవర్‌కు రాతలెందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒకటే జవాబుంది. నేను నడిపిన వ్యాను ఎక్కడపడితే అక్కడ ఆగిపోయేది. అది మళ్లీ కదిలేదాకా పని లేక గ్రంథాలయం పుస్తకాలు చదివేవాణ్ణి. ఆ బండి సరిగ్గా నడిచి ఉంటే నాకు ఈ నాలుగు ముక్కలు రాయడం కూడా వచ్చేది కాదు. ఆ బండి కథ చెబితే మేస్త్రి కథ చెప్పినట్టే.

ఇది డెబ్భైల చివరి సంగతి. మా షావుకారుది జంపఖానాల వ్యాపారం. కాశిబుగ్గలో మగ్గాల మీద దిగిన జంపఖానాలను ఇంటింటికీ తిరిగి ఎత్తుకొని, కేసముద్రం, డోర్నకల్ దుకాణాలకు చేర్చడం నా పని. పొద్దున్నే లోడు ఎత్తాలి కాబట్టి వ్యాను మా గల్లీలోనే, మా ఇంటి ముందే నిలిపేవాణ్ణి. అది పాత పెట్రోలు బండి. మా షావుకారు దగ్గరికి వచ్చేనాటికే రెండు చేతులు మారింది. పెట్రోలు ఎంతుందో చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. ట్యాంకులో పుల్ల ముంచి చూసుకునేవాణ్ణి.

ఒక ఎండాకాలం మొదట్లో దానికి జబ్బు పట్టుకుంది. ఇంటి దగ్గర ఒక్క తిప్పుకే స్టార్టయ్యేది. పదిహేను ఇరవై మైళ్లు బుద్ధిగా నడిచేది. ఆ తర్వాత పొలమారినట్టు రెండు మూడుసార్లు ఊగి, నడిరోడ్డు మీద ఆగిపోయేది. ఎంత స్టార్టర్ తిప్పినా ఉలుకూ పలుకూ ఉండదు. దిగి, బానెట్ లేపి అరగంట దానితో కుస్తీ పడ్డాక, ఏమీ జరగనట్టు మళ్లీ లేచేది. అలా లేచాక ఇంకో పదిహేను మైళ్లు నడిచి మళ్లీ ఆగేది, లేదా ఆ రోజుకు అసలు ఆగేదే కాదు.

బండి ఆగితే ఊరంతా డాక్టర్లే. ఎద్దుల బండి మీద పోయే రైతు కూడా దిగి వచ్చి మందు చెప్పేవాడు. పెట్రోలు వేడెక్కుతుంది, పంపుకు తడిగుడ్డ చుట్టమన్నాడు ఒకడు. చుట్టాను. బండి లేచింది. తెలివంటే నాదే అనుకొని ఆ వారమంతా సీటు కింద తడిగుడ్డ పెట్టుకొని తిరిగాను. మరుసటి వారం తడిగుడ్డ మీదే ఆగింది.

ఆగడంలో ఒక చిత్రం ఉంది. ఎక్కువగా శుక్రవారం, శనివారం ఆగేది. సోమవారానికి నెమ్మదించేది. బుధ, గురువారాల్లో దానంత మంచి బండి జిల్లాలో లేదు. ఈ చిత్రాన్ని నాకంటే ముందు మా షావుకారు పట్టుకున్నాడు.

"శుక్రవారం, శనివారమే ఎందుకు ఆగుతాంది రా నీ బండి? కొత్త సినిమా పడేది గా రెండు దినాలే గద!" అన్నాడు, దుకాణంలో పది మంది ముందు.

ఆ ఏడాది నేను ఒక్క సినిమా చూసి ఉంటే ఒట్టు. ఎండలో బండి పక్కన నిలబడి మొహం మాడిపోయిన మనిషిని పట్టుకొని ఆ మాట అన్నాడు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, కానీ అక్కడ నోరు లేవలేదు. కడుపు సంగతి కదా. నెల తిరిగేసరికి ఆయన చివరి మాట కూడా చెప్పేశాడు. "మా బామ్మర్ది కొడుకు డ్రైవింగ్ నేర్చిండు. ఇంకొక్కసారి దారిల ఆగిందంటే తాళంచెవి గల్లా మీద పెట్టి పో."

అప్పటికి మేస్త్రి దగ్గరికి నాలుగుసార్లు వెళ్లి వచ్చాను. అండర్ బ్రిడ్జి దాటాక రేకుల షెడ్డు ఆయనది. నాకంటే పదేళ్లు పెద్ద. ఎండిపోయిన మనిషి. ఇంజను మీద చెయ్యి పెట్టి చూసేటప్పుడు అరచెయ్యి కాక చేతి వెనక్కి తిప్పి ఆనించేవాడు, పిల్లలకు జ్వరం చూసినట్టు. "కార్బురేటర్ పోయింది మేస్త్రీ" అంటూ ఎవరైనా వస్తే విసుక్కునేవాడు. "బీమారి నువ్వే చెప్తే నేనెందుకు? ఏమైందో చెప్పు. ఎందుకైందో నేను చూస్త" అనేవాడు. విప్పి తీసిన పాత సామాను యజమాని చేతిలో పెట్టి చూపించనిదే కొత్తది వేసేవాడు కాదు. ఎంత బాగా కుదిరిన పనికైనా "బాగైంది" అనే మాట ఆయన నోట రాదు. "ఇప్పటికైతే నడుస్తాంది" అనేవాడు.

నా బండికి కాయిల్ మార్చాడు. కండెన్సర్ మార్చాడు. పాయింట్లు గీకి సరిచేశాడు. కార్బురేటర్ విప్పి, కడిగి, ఊది బిగించాడు. బండి రాగానే ట్యాంకు మూత తీసి పక్కన పెట్టి, కిరసనాయిలు కలిసిందేమోనని వాసన చూడటం ఆయన అలవాటు. అది చూశాకే మిగతా పని. గంటలకొద్దీ ఇంజను ఆడించి కూర్చునేవాడు. షెడ్డులో అది ఒక్కసారైనా ఆగితే ఒట్టు. డాక్టరును చూడగానే దగ్గు మానే రోగి అన్నమాట.

నాలుగోసారి ఇంజను ఆపి, బండి మెట్టు మీద కూలబడి అన్నాడు. "నాకు తెల్వదు తమ్మీ."

నేను బిత్తరపోయాను. షావుకారు మాట చెవుల్లో ఉంది. "తెల్వకపోతే షెడ్డు ఎందుకు పెట్టినవ్ మేస్త్రీ?" అని అరిచేశాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "తెల్వదు అంటే అయిపోయింది అని కాదు. ఇంక సూడాలె అని. ఇది షెడ్డుల దొరికే దొంగ కాదు. ఎల్లుండి నీ ఎంబడి నేనొస్త."

ఎల్లుండి అంటే శుక్రవారం. షెడ్డుకు తాళం వేసి, ఒక చిన్న సంచిలో రెండు పానాలు, ఒక స్క్రూడ్రైవరు వేసుకొని నా పక్క సీట్లో ఎక్కాడు. పని మానుకొని ఒక డ్రైవర్ కోసం రోజంతా రోడ్డు మీద పడే మేస్త్రిని నేను అప్పటిదాకా చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. నెక్కొండ దాటాక, కేసముద్రం ఇంకా కొంత దూరం ఉందనగా, బండి ఊగింది. రోడ్డు పక్కకు తిప్పేలోపే ఆగిపోయింది. ఎప్పటిలాగే తలుపు తీసి దూకబోయాను. మేస్త్రి నా భుజం పట్టుకున్నాడు.

"దిగకు. ఏదీ ముట్టకు."

ఇద్దరం కూర్చున్నాం. పదకొండు గంటల ఎండ. రేకు కాలుతోంది. పావుగంట, అరగంట, ముప్పావుగంట. మధ్య మధ్య స్టార్టర్ తిప్పమనేవాడు, తిప్పేవాణ్ణి. రాలేదు. ఎప్పుడూ అరగంటకు లేచే బండి ఆ రోజు గంటైనా లేవలేదు. నా ఉద్యోగం పోయిందని నిశ్చయించుకున్నాను. భార్యకు ఏం చెప్పాలా అని మాటలు కూడబలుక్కుంటున్నాను.

అప్పుడు అడిగాడు. "ఆగినంక నువ్వు మొదలు ఏం చేస్తవ్?"

"దిగుత."

"దిగి?"

"బానెట్ లేపుత."

"అంతకు ముందు?"

"ఏం లేదు."

"ఉమ్మేసినా సరే, ఇడువకుండ చెప్పు."

విసుగొచ్చింది. "పెట్రోలు ఉన్నదా లేదా అని పుల్ల పెట్టి చూస్త. అదో పనా?"

"పుల్ల ఎట్ల పెడ్తవ్?"

"ఎట్లేంది మేస్త్రీ, మూత తీసి పెడ్త!"

ఆయన ట్యాంకు ఉన్న వైపు తల తిప్పాడు. "ప్రతిసారి తీస్తవ్" అన్నాడు. "తీస్త" అన్నాను. "షెడ్డుల నేను గూడ మొదలు గదే చేస్త" అన్నాడు మెల్లగా, తనతో తానే. తర్వాత తల అడ్డంగా ఊపి, "దొంగకు నేనే తలుపు తీస్తాన" అన్నాడు.

ఇద్దరం దిగాం. ట్యాంకు మూత దగ్గర చెవి పెట్టమన్నాడు. పెట్టాను. నెమ్మదిగా మూత తిప్పాడు. ట్యాంకు హుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. ఎంత గట్టిగా అంటే నా చెవి చల్లబడింది. "పో, ఇప్పుడు కొట్టు" అన్నాడు. వెళ్లి స్టార్టర్ తిప్పాను. ఇంజను రెండుసార్లు దగ్గి లేచింది.

మూతకు నడుమ సూది మొన పట్టేంత బెజ్జం ఉంటుంది. ఇన్నేళ్లు బండి నడిపి నేను దాన్ని ఎన్నడూ చూడలేదు. మేస్త్రి చెప్పాడు. "ఇది ఊపిరి బెజ్జం. పెట్రోలు పోయినకొద్ది ఆ జాగలకు గాలి రావాలె. రాకపోతే ఏమైతది? సీసా మూతికి పెదవులు పెట్టి పీలుస్తే నాలుక పట్టుకుంటది సూడు, గట్ల. పంపు ఎంత గుంజినా పెట్రోలు రాదు." గోటితో మూత నడుమ గీకాడు. పచ్చటి పెచ్చు లేచింది. వాసన చూసి నా వైపు చాపాడు.

పసుపు.

మా గల్లీలోనే ఉండే లారీ డ్రైవర్ ఒకాయన ఆ చలికాలం చివర్లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ తర్వాత వచ్చిన శుక్రవారం నుంచి మా ఇంటామె తలస్నానం చేసి, నేను లేచేసరికే బండికి పసుపు రాసి బొట్లు పెట్టేది. బానెట్‌కు, స్టీరింగుకు, నాలుగు టైర్లకు, చివరికి పెట్రోలు మూతకు. మూత బండికి నోరు కదా, నోటికి పెట్టకుండా ఎట్లా అనేది. వారానికొక పొర. నేను మూత తీసి పెట్టినకొద్దీ నా వేళ్ల రాపిడికి పొర రాలి, వారం నడుమకు బెజ్జం తెరుచుకునేది. శుక్రవారం మళ్లీ మూసుకునేది. మేస్త్రి ఆ పసుపును నాలుగుసార్లు చూశాడు. నేను రోజూ చూశాను. మన ఊళ్లో పసుపు లేని బండి లేదు కాబట్టి ఇద్దరికీ కనబడలేదు.

నా మొహం చూసి ఆయనకు అంతా అర్థమైపోయింది. మూతను పెట్రోలుతో కడిగి, సన్న తీగతో బెజ్జం పొడిచి, బిగిస్తూ అన్నాడు. "ఇంట్ల అనకు. మూత వేడైతాంది, బానెట్‌కే పెట్టుమని చెప్పు. తప్పు దొరికినంక మనిషిని ఎతకద్దు తమ్మీ."

తిరిగి వచ్చాక ఆయనే నాతో దుకాణానికి వచ్చాడు. షావుకారుతో "మూతకు బెజ్జం మూసుకపోయింది. తీసినం. మీ డ్రైవర్ తప్పేం లేదు" అన్నాడు. ఎట్లా మూసుకుపోయిందని షావుకారు అడిగాడు. "పాత బండి సేటూ. దుమ్ము" అన్నాడు. ఆయన అబద్ధమాడగా నేను విన్నది అదే మొదటిసారి. ఆ ఒక్క మాటతో నా ఉద్యోగం నిలబడింది. నా ఇంటామె పేరు ఆ దుకాణం గడప ఎక్కలేదు.

దుకాణంలో ఎక్కని పేరును నేను గల్లీలో ఎక్కించాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాయకపోతే మేస్త్రి గురించి చెప్పినట్టు కాదు. మూడు నెలల ఎండ, షావుకారు మాటలు, ఆ రోజు రోడ్డు మీద చచ్చి బతికిన గంట, అన్నీ కలిసి ఇంటికి రాగానే పొంగాయి. ఇరుగుపొరుగు మగ్గాలు ఆపి వింటుండగా అరిచాను. "నీ పసుపు నా కడుపు కొట్టేది! నీ చేతులు బండికి తగలకపోతే అది బంగారమోలె నడుస్తది!"

ఆమె తడిగుడ్డ తెచ్చి బండి మీద ఉన్న బొట్లన్నీ ఒక్కొక్కటే తుడిచింది. టైర్ల మీదవి కూడా వంగి తుడిచింది. ఆ తర్వాతి శుక్రవారం బయటికి రాలేదు. అంతకు ముందు రోజూ నేను బండి ఎక్కేటప్పుడు గుమ్మంలో నిలబడి "ఎప్పటికొస్తవ్?" అని అడిగేది. అది కూడా ఆగిపోయింది. అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, మాట మాత్రం పెట్టేది కాదు. బండి ఎక్కడా ఆగకుండా డోర్నకల్ దాకా నడుస్తోంది. ఇంటికి రాబుద్ధి మాత్రం కావడం లేదు. తప్పయిందని చెప్పడానికి నోరు తెరవబోయి, ఎన్ని రోజులు రేపటికి వాయిదా వేశానో. అప్పుడూ నాకు అదే గుణం.

మేస్త్రికి నేను చెప్పలేదు. బ్రేకు బిగించడానికి బండి తీసుకెళ్తే ఆయనే గమనించాడు.

"బండి మీద బొట్టు లేదేంది?"

"పెడ్తలేదు."

"అన్నవా?"

తల దించుకున్నాను. ఆయన పానా కింద పెట్టేశాడు. "మూత పాడైతే నేను కొత్తది ఏస్త. నువ్వు ఇరగ్గొట్టినదానికి సామాను ఏడ దొరుకుతది?" అని, వెళ్లి ఇంకో బండి కింద పడుకున్నాడు.

దసరా ఇంకా మూడు రోజులుందనగా ఆయన మా ఇంటికి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, గోళ్లలో నలుపు మాత్రం అట్లాగే ఉంది. నన్ను పలకరించకుండా మా ఇంటామె వైపు తిరిగి, "చెల్లే, మా ఇంటామెకు పాణం బాగుంటలేదు. పండుగ నాడు మా షెడ్డుల బండ్లకు నువ్వొచ్చి పసుపు కుంకుమ పెట్టాలె" అన్నాడు.

"నా చెయ్యి మంచిది కాదన్నా. నేను పెడితే బండ్లు ఆగుతయ్." ఆమె నన్ను చూడకుండానే అంది.

"బండిని ఆపేంత గట్టి పసుపు వరంగల్ల ఇంకెవరు పెడ్తరు? మా ఇంటామె పెట్టింది గాలి తగిలితే రాలుతది" అన్నాడు మేస్త్రి. ఆమె నవ్వలేదు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఆయన చాయ్ సాసర్‌లో పోసుకొని తాగి, "ఎదురుసూస్తం చెల్లే" అని లేచాడు. మేస్త్రి భార్యకు ఏ జబ్బూ లేదని నాకు తెలుసు. ముందు రోజే ఆమెను కూరగాయల అంగట్లో చూశాను.

ఇవ్వాళ శవం వెంట నడిచినవాళ్లంతా ఆయన పనితనం గురించే చెప్పుకున్నారు. నిజమే, అంత చెయ్యి ఇంకొకరికి లేదు. కానీ నేను ఆయనకు రుణపడింది పనితనానికి కాదు. బండిలో తప్పు దొరకబట్టడం నేర్చినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. తప్పు దొరికాక, దాని వెనక ఉన్న మనిషి తలదించుకోకుండా చూసినవాణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే ఎరుగుదును.

పండుగ పొద్దున మా ఇంటామె ఏమీ చెప్పకుండా పసుపు కలిపి గిన్నె కొంగు కింద పెట్టుకొని బయల్దేరింది. నేను వెనకాల నడిచాను. షెడ్డులో ఏడు బండ్లు కడిగి వరుసగా నిలబెట్టి ఉన్నాయి. పక్కన మేస్త్రి, చేతులు వెనక కట్టుకొని. ఆయన భార్య గోడ వారగా కూర్చొని కొబ్బరికాయల పీచు తీస్తోంది, దుక్కలా ఉంది. నేను గేటు దాటి లోపలికి పోలేకపోయాను.

మా ఇంటామె మొదటి బండి బానెట్‌కు పసుపు రాసింది. బొట్టు పెట్టింది. టైర్లకు పెట్టింది. ట్యాంకు మూత దగ్గరికి వచ్చి ఆగిపోయింది. పసుపు ముంచిన వేలు గాల్లోనే ఉంది.

"పెట్టు చెల్లే" అన్నాడు మేస్త్రి.

"వద్దన్నా."

"జర వంగి సూడు."

ఆమె వంగి చూసింది. మేస్త్రి అగ్గిపుల్లలను బ్లేడుతో సూదంత సన్నగా చెక్కి, ఒక్కొక్క మూత బెజ్జంలో ఒక్కొక్కటి నిలబెట్టి పెట్టాడు. ఏడు బండ్లు, ఏడు పుల్లలు. "సుట్టూ ఎంత గట్టిగ పెడ్తవో పెట్టు. పుల్ల సంగతి నేను చూసుకుంట" అన్నాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. అయిదు నెలల తర్వాత ఆ నవ్వు వినబడింది. గేటు పట్టుకొని ఏడ్చింది నేను. ఆమె రెండో బండికి పోయింది, మూడో బండికి పోయింది. వెనకాలే మేస్త్రి నడుస్తూ, పసుపు ఆరకముందే ఒక్కొక్క పుల్ల మెల్లగా పీకి, పారేయకుండా చెవి సందున పెట్టుకుంటున్నాడు. ఏడో బండి అయ్యేసరికి ఆయన రెండు చెవులకూ పసుపు అంటింది.